సుశీల ఎవరికి ద్రోహం చేసింది?

శ్యాం బెనెగల్ తీసిన ‘నిశాంత్’ గురించి 1978 వేసవిలో కరీంనగర్‌లో పది పన్నెండు మందిమి ఒక అద్దె గదిలో కూచొని చర్చించాం. నేను అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. సినిమా 1975లో వచ్చింది. మాలో చాలామందిమి దాన్ని చూసింది మాత్రం ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతనే. ఆ చర్చలో నేనొక మాట అన్నాను. కథానాయిక సుశీల భూస్వామి పక్షం చేరి ద్రోహం చేసింది గనుక, చివర ప్రజల చేతిలో ఆమె చావడం చారిత్రక అనివార్యత అని. ఎవరూ కాదనలేదు. ఒకరిద్దరు బాగా చెప్పావన్నారు కూడా.

ఆ మాటను వాపసు తీసుకోవడానికే ఈ వ్యాసం. వాపసు తీసుకోవడమంటే ఒక పాత్ర పట్ల అన్యాయంగా మాట్లాడానని చెంపలేసుకోవడం కాదు. ఆ మాట ఎందుకు తప్పో చెప్పడానికి కావలసిన సాక్ష్యం మా జిల్లాల చరిత్రలో ఉంది. ఆ చరిత్ర నాకు కొంత తెలుసు కూడా. తెలిసినదాన్ని సినిమాతో కలిపి చూడలేదు, అంతే. విప్లవ సాహిత్య విమర్శ పేరుతో మనం రాసిన చాలా సమీక్షల్లో ఈ లోపం ఉన్నదని నా అభిప్రాయం.

కథ తెలియనివాళ్ళకోసం క్లుప్తంగా చెప్తాను. కాలం 1945. తెలంగాణలో ఒక ఊరు. ఊరి జమీందారును ‘అన్న’ అంటారు (అమ్రీష్ పురి). అతనికి ముగ్గురు తమ్ముళ్ళు. ఇద్దరు, ప్రసాద్, అంజయ్య, ఊరి మీద పడి తినే రకం. గుడి నగలు దొంగిలించినా అడిగేవాడు లేడు. కడగొట్టు తమ్ముడు విశ్వం (నసీరుద్దీన్ షా) పిరికివాడు, మెత్తనివాడు. వాడికి పెళ్ళయింది, భార్య రుక్మిణి (స్మితా పాటిల్). ఊరికి కొత్తగా బడిపంతులు వస్తాడు (గిరీశ్ కర్నాడ్). అతని భార్య సుశీల (షబానా ఆజ్మీ) మీద విశ్వం మనసు పడుతుంది. తమ్ముడి కోరిక తెలిసి అన్నలిద్దరూ ఒక రాత్రి ఆమెను ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. ఊరు చూస్తుంది. గడీలో ఆమె మీద అత్యాచారం జరుగుతుంది. పంతులు పోలీసు పటేలు దగ్గరికి, వకీలు దగ్గరికి, కలెక్టరు దగ్గరికి తిరుగుతాడు. ఏ తలుపూ తెరుచుకోదు. గడీలో రోజులు గడుస్తుంటే సుశీల మెల్లగా విశ్వం దాపున నిలదొక్కుకుంటుంది. తన తిండి కోసం, తన చోటు కోసం రుక్మిణితో పోటీ పడుతుంది. గుడిలో ఒకసారి మొగుడు ఎదురుపడితే, తనకోసం ఏమీ చేయలేకపోయిన వాణ్ణి నిలదీస్తుంది. ఆ దెబ్బతో పంతులు, గుడి పూజారి కలిసి ఊరిని కూడగడతారు. దేవుడి ఉత్సవం రోజున జనం తిరగబడి జమీందారు కుటుంబాన్ని నరుకుతారు. ఏ పాపమూ ఎరుగని రుక్మిణి కూడా అందులో పోతుంది. విశ్వం సుశీలను తీసుకుని కొండ మీదికి పారిపోతాడు. జనం వెంటాడతారు.

స్క్రీన్‌ప్లే విజయ్ తెండూల్కర్‌ది, సంభాషణలు సత్యదేవ్ దూబేవి, ఛాయాగ్రహణం గోవింద్ నిహలానీది. 1975 సంవత్సరానికి ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. 1976లో కాన్ ఉత్సవంలో పోటీకి ఎంపికైంది.

‘1945’ అన్న అంకె దగ్గర ఆగాలి. హిందీ సినిమాకు గతకాలపు ప్రేమకథలంటే మోజెక్కువ. 1953లో ‘అనార్కలీ’, 1960లో ‘మొఘల్-ఎ-ఆజం’. తెలుగులో కూడా 1955లో ‘అనార్కలి’ వచ్చింది. అంతఃపురంలో ఒక కనీజ్, అంటే దాసి. ఆమెకు యువరాజు మీద ప్రేమ. పాదుషా కోపం. దాసికి యువరాజును కాదనే వీలున్నదా అని ఆ సినిమాలు ఒక్క క్షణమైనా అడగవు. కాదనే వీలు లేనిచోట ఔననడాన్ని ప్రేమ అనవచ్చునా అన్న అనుమానమే వాటికి రాదు. అద్దాల మహలు, సంగీతం, సెట్టింగుల వెలుగులో ఆ ప్రశ్న కనిపించకుండా పోతుంది. ‘నిశాంత్’ చేసిన పెద్ద పని, ఆ అంతఃపురాన్ని మన ఊరి గడీ స్థాయికి దించి, అందులోని పొగ, మసి, ముసురుకున్న చీకటి చూపించడం. ఈ మేలును ఆనాడు మేము గుర్తించలేదు.

కాని అదే 1945 సినిమాకు తెర కూడా అయింది. సంస్థానం రోజుల్లో జరిగింది, ఇప్పుడు లేదు అని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకోవచ్చు. బహుమతులిచ్చే ప్రభుత్వం కూడా పీల్చుకోవచ్చు. మాకా వీలు లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. కరీంనగర్ పల్లెల్లో గడీలు మాత్రం కదల్లేదు. సినిమాలో కులభూషణ్ ఖర్బందా వేసిన పోలీసు పటేలును చూసి హాల్లో మా వెనకాల కూచున్నవాళ్ళు ఫలానా ఊరి పటేలు లెక్కనే ఉన్నడని పేరు పెట్టి నవ్వారు. వాళ్ళకది చరిత్ర కాదు, వారం కింద చూసిన మనిషి. ఆ పటేలు, పట్వారీ పదవులు రద్దయ్యింది 1980ల నడుమన గదా.

1975లోనే జరిగిన ఇంకొక సంగతిని ఈ సినిమా పక్కన పెట్టి చూడాలి. ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను భూస్వామి హత్య కేసులో 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఎమర్జెన్సీ కాలం. పత్రికల నోరు కట్టేసి ఉంది. తెర మీద భూస్వామిని చంపిన రైతులకు కేంద్రం బహుమతి ఇచ్చింది, బయట చంపారన్న రైతులను రాజ్యం ఉరితీసింది. రెండింటి మధ్య ముప్ఫై ఏళ్ళ కథాకాలమే తేడా. బెనెగల్‌ను ఇందుకు తప్పుపట్టడం లేదు. సెన్సారు కాలంలో ఆ మాత్రం చెప్పడమే సాహసమని ఇప్పుడు ఒప్పుకుంటాను. కాని పీరియడ్ చిత్రం అనే రూపానికి ఉన్న వెసులుబాటు ఏమిటో, ఆ వెసులుబాటు ఎవరికి పనికొస్తుందో తెలుసుకోవాలి.

ఇక నా మాట దగ్గరికి వస్తాను.

చర్చ అయిన వారానికి ఊరికి పోయాను. మా ఊరు జగిత్యాల తాలూకాలో ఉండేది. మా ఇంటి వెనక వాడలో ఒక ముసలామె ఉండేది. చుట్టరికం లేకపోయినా వరసకు పెద్దవ్వ అనేవాణ్ణి. గడీలో ఊడిగం చేసి చేసి నడుం వంగిన మనిషి. వాకిట్లో పప్పు చెరుగుతూ, పట్నంలో ఏం చదువుతున్నవు కొడుకా అని అడిగింది. చదువు మాట పక్కనపెట్టి సినిమా కథ చెప్పాను. నాకప్పుడు ఎవరు దొరికినా సినిమా కథ చెప్పే జబ్బు ఉండేది. పంతులు పెండ్లాన్ని ఎత్తుకపోయిన దగ్గర ఆమె చేట ఆపింది.

‘ఎత్తుకపోతెనన్న ఊరు చూసింది బిడ్డా. ఆమెకు మొగడున్నడు, తిరిగిండు. నన్నెవలు ఎత్తుకపోలే. సారెల వెట్టి పంపిండ్రు. గిన్నెలు లెక్కవెట్టినట్టు లెక్కవెట్టి పంపిండ్రు.’

పెద్దవ్వ పుట్టింది గోదావరికి అవతల, ఆదిలాబాద్ జిల్లా లక్షెట్టిపేట దిక్కు ఊళ్ళో. ఆ ఊరి దొర బిడ్డను మా ఊరి గడీకి ఇచ్చినప్పుడు దొరసాని వెంట ఈమెను పంపారు. ఎన్నేండ్లని అడిగితే, ‘ఇంక పెద్దమనిషి కాలే’ అన్నది. ఏరు దాటిన సంగతి ఒక్కటి బాగా గుర్తున్నదట. దొరసాని సామాన్లతో పాటు పుట్టిలో కూచోబెట్టారు, కదిలితే మునుగుతదని బెదిరించారు. అటు తర్వాత ఆమె మళ్ళీ ఏరు దాటలేదు.

ఇట్లాంటి ఆడపిల్లలను తెలంగాణలో ఆడబాప అంటారు. పెళ్ళికూతురితో పాటు అరణంగా దాసీలను పంపడం దొరల ఇండ్లలో మర్యాద. ఆ మర్యాద గురించి పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో రాశాడు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో ఆడబాప పాత్రగా నిలబడింది. ఆడబాపకు పెళ్ళి ఉండదు. దొరకు, దొర కొడుకులకు, వచ్చిన చుట్టాలకు ఆమె అందుబాటులో ఉండాలి. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు ఉండదు. ఆడపిల్ల పుడితే తల్లి పనే ఆమె పని. ఇది ఒక దొర దుర్మార్గం కాదు, ఒక రాత్రి జరిగిన ఘోరం కాదు. గడీ అనే ఇల్లు నడిచే పద్ధతే అది. నీళ్ళు తోడే వెట్టి, బట్టలుతికే వెట్టి, బరువులు మోసే వెట్టి ఎట్లాగో, పడక వెట్టి కూడా అట్లాగే.

ఇప్పుడు ‘నిశాంత్’ను మళ్ళీ చూడండి. ఊరు భగ్గుమనడానికి సినిమాకు ఒక పంతులు భార్య కావలసి వచ్చింది. బయటినుంచి వచ్చిన, చదువుకున్న, మొగుడూ కొడుకూ ఉన్న ఇల్లాలు కావలసి వచ్చింది. అదే గడీలో ఊడిగం చేసే ఆడవాళ్ళున్నారు. వాళ్ళు ఫ్రేము అంచున కనిపించి పోతారు. వాళ్ళమీద జరిగేది కథ కాలేదు, సుశీల మీద జరిగింది కథ అయింది. అంటే మధ్యతరగతి గడప దాటి వచ్చినప్పుడే భూస్వామ్య అత్యాచారం మన కంట్లో అత్యాచారమైంది. ఇది బెనెగల్ ఒక్కడి పరిమితి కాదు. ఆ గదిలో కూచున్న పన్నెండు మందిమీ ఊళ్ళలోంచి వచ్చినవాళ్ళమే. ప్రతి ఊళ్ళో గడీ ఉంది, ప్రతి గడీలో పెద్దవ్వ లాంటి మనిషి ఉంది. మా చర్చలో ఒక్కరి నోటా ఆడబాప అన్న మాట రాలేదు.

కథ చివరిదాకా చెప్పాను. సుశీల విశ్వం వెంట పోయిందని చెప్పి, తప్పు గదా పెద్దవ్వా అని అడిగాను. నా సిద్ధాంతానికి ప్రజల ఆమోదం దొరుకుతుందని నా ఆశ.

‘ఆ చిన్నోడు కొట్టిండా?’ అని అడిగింది.

లేదన్నాను.

‘మరి కొట్టనోని దిక్కు ఉండక కొట్టెటోని దిక్కు ఉంటదా?’

నేను మాట్లాడలేదు. ఆమె మళ్ళీ చేట అందుకుని, కాసేపటికి, ‘ఆ చిన్నోని పెండ్లాన్నెందుకు చంపిండ్రు? ఆమె ఏం జేసింది?’ అని అడిగింది. రుక్మిణి సంగతి మా చర్చలో ఎవరికీ తట్టనే లేదు.

విమర్శకులు సుశీల, విశ్వంల మధ్య మొలిచినదాన్ని ప్రేమ అన్నారు, ఆకర్షణ అన్నారు, మానవ స్వభావపు చిక్కుముడి అన్నారు. మేము ద్రోహమన్నాం. రెండు పక్షాలూ ఒక్క విషయంలో కలుస్తాయి. సుశీలకు ఎంచుకునే స్వేచ్ఛ ఉండిందని రెండూ అనుకుంటాయి. పెద్దవ్వ లెక్క వేరు. గడీలో బతికేవాళ్ళకు ఎంచుకునేది మగవాణ్ణి కాదు, ఆ పూటకు దెబ్బ తగలని మూలను. ఆ మూలలో కొంత ఆప్యాయత కూడా మొలవవచ్చు. ఆమె దాన్ని కాదనలేదు. విశ్వం మెత్తదనం నిజమే కావచ్చు, సుశీలకు అతని మీద కలిగిన జాలి నిజమే కావచ్చు. తెండూల్కర్ ఆ భాగాన్ని ఎంతో నిజాయితీగా రాశాడు. కాని ఆ జాలికి చుట్టూ గోడ ఉంది, తలుపు బయట గొళ్ళెం ఉంది. గొళ్ళెం సంగతి ఎత్తకుండా ప్రేమ అనడమూ తప్పే, ద్రోహం అనడమూ తప్పే.

మరి ద్రోహం ఎక్కడుంది? సినిమాలోనే వరసగా ఉంది. ఎత్తుకుపోతుంటే చూసిన ఊరిది మొదటిది. తలుపులేసుకున్న అధికారులది రెండోది. ఇన్నాళ్ళూ కాగితాలు పట్టుకు తిరిగి, భార్య నిలదీస్తే తప్ప ఊరి జనం దగ్గరికి పోవాలని తోచని పంతులుది మూడోది. మూడూ జరిగిన తర్వాత గదా ఆమె విశ్వం దిక్కు తిరిగింది! ముగ్గురూ వదిలేసిన మనిషి నాలుగోవాడి నీడకు పోతే లెక్క ఆమె పేరిట రాశాం. లెక్కలు రాసే పట్వారీలు ఊళ్ళోనే కాదు, సాహిత్యంలో కూడా ఉంటారు.

ఈ చివరి హింస గురించి ఆనాడు చాలా వాదం నడిచింది. ప్రజల తిరుగుబాటును గుడ్డి మూకగా చూపించాడని వామపక్ష విమర్శ. ఇందులో నిజముంది. అయితే ఆ గుంపు తెండూల్కర్ దగ్గర అంతకుముందే ఉంది. 1972లో రంగస్థలానికి వచ్చిన ‘ఘాశీరాం కొత్వాల్’ నాటకంలో కొత్వాలు పదవి కోసం కూతుర్ని నానా ఫడ్నవీసుకు అప్పగించిన ఘాశీరాం చివరికి పూనా జనం చేతిలో దెబ్బలు తిని చస్తాడు. నానా క్షేమంగా ఉంటాడు. ఆ నాటకంలో నానా వేషం వేసిన మోహన్ అగాషేనే ఇక్కడ ప్రసాద్. ఆడదాని శరీరం చేతులు మారడం, జనం కోపం అసలు దోషిని దాటి పక్కకు కొట్టుకుపోవడం తెండూల్కర్‌కు పాత బాధ. పీష్వాల పూనాకు అది ఎంత సరిపోయిందో తెలంగాణకు అంత సరిపోలేదు. ఎందుకంటే తెలంగాణలో 1945 నాటికే ఆంధ్ర మహాసభ సంఘాలు ఊళ్ళల్లోకి వచ్చాయి. 1946 నుంచి 1951 దాకా జరిగింది ఒక రాత్రి పూనకం కాదు. కరీంనగర్‌లోనే చూసినా, 1948 మార్చి 14న మహమ్మదాపురం గుట్టల దగ్గర ప్రాణమిచ్చిన అనభేరి ప్రభాకరరావు ఉన్నాడు. 1952 ఎన్నికల్లో పార్లమెంటుకు గెలిచిన బద్దం ఎల్లారెడ్డి ఉన్నాడు. ఇది సంఘం, దళం, రహస్య స్థావరం ఉన్న చరిత్ర. ఇదంతా సినిమాలో లేదు. ఒక పూజారి, ఒక పంతులు, ఒక ఉత్సవం మాత్రమే ఉన్నాయి.

మా చర్చ జరిగిన కొద్ది నెలలకు మా కండ్ల ముందే ఇంకో రకం జవాబు వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రైతు కూలీలు వేలాదిగా పట్నానికి నడిచి వచ్చారు. ముందు వాడల్లో సంఘాలు పెట్టుకున్నారు. వెట్టి బంద్ చేశారు. పాలేర్ల జీతాలు పెంచమన్నారు. దొరలు ఆక్రమించిన పోరంబోకు, బంచరాయి భూముల్లో నాగళ్ళు కట్టారు. ఏండ్ల తరబడి దండుగల పేరుతో గుంజిన డబ్బు వాపసు ఇమ్మన్నారు. ఒప్పుకోని దొరకు సాంఘిక బహిష్కారం. సాకలి బట్టలుతకడు, మంగలి గడ్డం గీయడు, జీతగాడు దొడ్డి ఊడ్వడు. దొర తన నీళ్ళు తను తోడుకోవాలి. ‘నిశాంత్’ గుంపు ఒక్క పూటలో కత్తితో చేసిన పనిని ఇక్కడ కూలిజనం పని మానేసి చేశారు. గడీ బలం తుపాకీలో కన్న ఊరు చేసే ఊడిగంలో ఎక్కువ ఉన్నదని వాళ్ళకు ఏ సినిమా చెప్పనక్కర లేకపోయింది. దొరలు ఒక్కరొక్కరే పట్నం దారి పట్టారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ చట్టం 1948 నాటిది. పీరియడ్ చట్టమన్న మాట. క్యాంపులు, అరెస్టులు, చిత్రహింసలు ఎట్లా నడిచాయో ఆ తర్వాతి ఏండ్లలో బాలగోపాల్ రాశాడు. మనవాళ్ళు కథల్లో రాశారు, అల్లం రాజయ్య అందులో ముందున్నాడు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగేనాటికి మా చర్చల గది ఖాళీ అయింది.

ఇదంతా రాస్తున్నది ‘చూశారా, సినిమా తప్పు, చరిత్ర ఒప్పు’ అని తీర్పు చెప్పడానికి కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సంఘం పెట్టుకున్న ఊళ్ళో సాకలి వెట్టి ఆగింది, సుంకరి వెట్టి ఆగింది. ఆడబాప ఏమైంది? మా ఊరి దొర పట్నం పోయేటప్పుడు పెద్దవ్వను తీసుకుపోలేదు. ముసలిదైంది, అక్కర లేదు. గడీ తలుపులు తెరిచిన రోజు ఊరంతా లోపలికి పోయి అర్రలు, గాదెలు, అద్దాలు తిరిగి చూసింది. నేనూ పోయాను. ఆమె రాలేదు. రావేందని అడిగితే, ‘సూసెతందుకేమున్నది, ఊడ్సింది నేనే గదా’ అన్నది. సంఘం పంచాయితీలో దండుగల లెక్క తీశారు. ఎవరి మేక, ఎవరి ఎద్దు, ఎవరికి ఎన్ని రూపాయలు. పెద్దవ్వ పద్దు ఎవరూ రాయలేదు. ఆమె అడగలేదు కూడా. అడిగితే దాన్ని ఏ కింద రాయాలో మాకు తెలిసి ఉండేది కాదు.

ఈ మౌనం కొత్తది కాదు. సాయుధ పోరాటంలో నడిచిన స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేశారు. అడవిలో కన్న బిడ్డను పరాయి చేతుల్లో పెట్టి దళంతో నడిచిన తల్లి అందులో మాట్లాడింది. 1951 తర్వాత ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి పోవాలో తోచని ఆడవాళ్ళు మాట్లాడారు. పోరాటం విరమించిన తీరులో తమకు జరిగినది ఏమిటని వాళ్ళు అడిగారు. ఆ పుస్తకం చదివిన రోజున నాకు ‘నిశాంత్’ గుడి దృశ్యం మళ్ళీ కండ్ల ముందుకు వచ్చింది. ఇన్ని రోజులు ఏం చేశావని మొగుణ్ణి అడిగే సుశీల గొంతు అది.

హిందీ సినిమా ఈ పని చేస్తుంటే తెలుగు సినిమా ఏం చేస్తున్నదని అడగవచ్చు. ఆ రోజుల్లో తెలుగు సినిమాకు మద్రాసు తెలుసు, కోస్తా డెల్టా తెలుసు. గడీ తెలియదు. బెనెగల్ తిరుమలగిరిలో పుట్టి పెరిగినవాడు కాబట్టి 1974లో ‘అంకుర్’ తీసినా, ఆ మరుసటేడు ‘నిశాంత్’ తీసినా ఈ నేల వాసన తెలుసు. కాని ఊడిగం చేసే మనిషి నోట హిందీ వినడం మాకు వింతగా ఉండేది. మా దిక్కు ఉర్దూ అంటే కచేరీ భాష, పోలీసు కాగితం భాష. జులుం చేసేవాడి మాటల్లోనే జులుం పడేవాడు కూడా ఏడ్వవలసి వచ్చింది. 1980లో ‘మా భూమి’ వచ్చినప్పుడు మావాళ్ళు తెరను చూసిన తీరే వేరు. గౌతం ఘోష్ దర్శకుడు, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు, కృష్ణ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారం.

‘మా భూమి’లో కూడా సుశీల ఉన్నది, చంద్రి పేరుతో. లంబాడీ పిల్ల చంద్రిని రామయ్య ప్రేమిస్తాడు. ఆమె దొర కోరికకు లొంగవలసి వస్తుంది. రామయ్య ఆమెను వదిలి వెళ్ళిపోతాడు. పట్నం పోయి కార్మికుల మధ్య చైతన్యం పొంది పోరాటంలోకి తిరిగి వస్తాడు. సినిమా గొప్పదే, నేను పదిసార్లయినా చూసి ఉంటాను. కాని చంద్రిని వదిలి వెళ్ళడం రామయ్య ఎదుగుదలకు మొదటి మెట్టయింది. చంద్రికి మాత్రం అదే గడీ, అదే దొర. ఆమె కోణంలో చూస్తే ప్రేమలో ద్రోహం చేసింది ఎవరు? ‘నిశాంత్’ను అంత కటువుగా విమర్శించిన మేము రామయ్యను ఏమీ అనలేదు. వీరుణ్ణి అడగడానికి మొహమాటపడ్డాం.

ఆడబాపనే కథ నడుమ నిలిపిన సినిమా 1988లో గాని రాలేదు. అది నరసింగరావు తీసిన ‘దాసి’. అర్చన కమలాక్షిగా చేసింది, ఆ ఏటి ఉత్తమ నటి జాతీయ బహుమతి ఆమెకే వచ్చింది. అందులో ప్రేమ లేదు. గుంపు లేదు. తిరుగుబాటు లేదు. కడుపు వస్తే తీసేయమన్న ఆజ్ఞ ఉన్నది, పని ఉన్నది. పోరాటం లేదని దాన్ని తక్కువచేసిన సమీక్షలు నాకు గుర్తున్నాయి. నా దృష్టిలో ‘నిశాంత్’ అడగలేని ప్రశ్నను అడిగింది అదే. ‘దాసి’ వచ్చేనాటికి పెద్దవ్వ లేదు. ఉండి ఉంటే కథ చెప్పేవాణ్ణి కాదు, తీసుకుపోయి చూపించేవాణ్ణి.

ఆ 1978 గదిలో కూచున్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ముగ్గురం. ఈ వ్యాసం పంపేముందు ఒకాయనకు చదివి వినిపించాను. ఆయన ఇంకా పాత మాట మీదనే ఉన్నాడు. అంతా ఒప్పుకుంటా, కాని చివర్లో ఆమె విశ్వం చెయ్యి పట్టుకుని కొండెక్కింది గదా, అప్పుడు గొళ్ళెం లేదు గదా, దిగి వచ్చి ప్రజల్లో కలవవచ్చు గదా అన్నాడు. కింద కత్తులతో వస్తున్నవాళ్ళలో ఎవరి దగ్గరికి దిగి రావాలో పేరు చెప్పమన్నాను. ఆలోచించి ఉత్తరం రాస్తానన్నాడు.